శ్రీకాకుళం, విజయనగరం వైపు మంచినీళ్లలో మునిగిన పడవలు ఎక్కడైనా ఉన్నాయా?

అందరికీ నమస్తే. మాది ఆమదాలవలస, స్కూబా (సిలిండర్ గాలితో నీళ్లలో మునిగి ఈదడం) సర్టిఫికెట్ ఉంది. బారువ సముద్రంలో మునిగిన పాత ఓడ సంగతి తెలుసు, కానీ అలల గోల లేకుండా ఇంటికి దగ్గర్లో ఏటిలోనో రిజర్వాయర్‌లోనో అలాంటిది చూడాలని చాలా ఆశగా ఉంది. అమెరికా, కెనడా వైపు గ్రేట్ లేక్స్ అనే పెద్ద మంచినీటి సరస్సుల్లో నీళ్లు చల్లగా ఉండి, కలపను తొలిచే సముద్రపు పురుగులు లేకపోవడం వల్ల వందేళ్లు దాటిన చెక్క ఓడలు కొన్ని తెరచాప స్తంభాలతో సహా నిలబడే ఉన్నాయి. మన నదుల్లో అంత చల్లదనం లేదు, వరదొస్తే బురద కప్పేస్తుంది, అయినా ఏదో ఒకటి మిగిలే ఉంటుందని నా నమ్మకం. వేసవిలో నాగావళి తగ్గినప్పుడు ఇసుకలోంచి బయటపడ్డ ఓ నావ చెక్కలు, తుప్పుపట్టిన మేకులు చూశాను, కానీ అక్కడ మోకాలి లోతు నీళ్లే.

తాటిపూడి, మడ్డువలస, తోటపల్లి, హిరమండలం రిజర్వాయర్లలో ఎక్కడైనా మునిగిన పడవ గానీ పాత కట్టడం గానీ ఉందా? ఏ నెలలో నీళ్లు తేటగా ఉంటాయి? పర్మిషన్ ఇరిగేషన్ వాళ్లలో ఎవరిని అడగాలి? గేట్ల దగ్గర నీళ్లు లాగేస్తాయి కాబట్టి అటు ఎలాగూ వెళ్లను. తెగిపోయిన వలలు అడుగున ఉండే చోట్లు మాత్రం తెలిసినవాళ్లు తప్పకుండా చెప్పండి, నా టెన్షనంతా అదే.