పద్మిని రన్నింగ్ బోర్డు తుప్పు: ఇంట్లో వెల్డింగ్ చేసుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

పద్మిని78:
మా నాన్నగారి 1978 ప్రీమియర్ పద్మిని. ఇల్లు సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా మీద పడ్డప్పుడు బండి సీట్ల దాకా మునిగి రోజుల తరబడి అలాగే ఉండిపోయింది. తర్వాత ఇంజిన్, బ్రేకులు, వైరింగ్ చేయించాను కానీ బాడీ జోలికి పోలేదు. మొన్న మ్యాట్ తీసి డ్రైవర్ కాళ్ళ దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు అప్పడంలా విరిగింది. ఎడమవైపు తలుపుల కింద రన్నింగ్ బోర్డు పైకి బాగానే ఉంది, సుత్తితో తడితే లోపల ఏదో రాలుతున్న చప్పుడు. ఒక షెడ్డులో 60 వేలు, రెండు నెలలు అన్నారు. నా దగ్గర ఇన్వర్టర్ ఆర్క్ మెషిన్ ఉంది, మా ఇంటి గేటు నేనే చేసుకున్నాను. ఇది కూడా ఇంట్లో చేసుకోవచ్చా?

కృష్ణలంక_శీను:
60 వేలకి ఇంకో పద్మినే వస్తుందేమో చూడండి.

పద్మిని78:
అది మా నాన్న నడిపిన పద్మిని కాదు కదండీ.

రేకుపని_ఆటోనగర్:
ఇంట్లో వద్దండి. గేటు పైపు దళసరిగా ఉంటుంది. కారు రేకు ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ, తుప్పు తిన్నాక మిగిలేది అందులో సగం. ఆర్క్ రాడ్ ఆనించగానే చిల్లు పడుతుంది, ఆ చిల్లు పూడ్చబోతే పక్కన ఇంకోటి. అంతకంటే పెద్ద సంగతి, పద్మిని ఫియట్ బండే, దానికి లారీలా కింద విడిగా చాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. ఫ్లోరు, రన్నింగ్ బోర్డులు, స్తంభాలు అన్నీ కలిసే బండి బరువు మోస్తాయి. ఆధారం పెట్టకుండా రన్నింగ్ బోర్డు కోశారంటే బాడీ నడుము జారుతుంది. కొత్త రేకు ఎంత చక్కగా వేసినా తర్వాత తలుపు పడదు. చిన్నప్పటి నుంచి మా నాన్న పక్కన ఈ పనిలోనే ఉన్నాను, ఇలా తెచ్చినవాళ్ళని చూశాను.

ఇంటిగ్యారేజ్:
నేను ఇంట్లోనే చేశాను, తలుపులు పడుతున్నాయి. ఆర్క్ వద్దన్న మాట నిజమే, మిగ్ మెషిన్ కావాలి, అది రాడ్ బదులు సన్న తీగతో, గ్యాస్ కాపుతో అతికిస్తుంది. సింగిల్ ఫేజ్ మీద నడిచేవి వస్తున్నాయి. 0.8 మిల్లీమీటర్ల తీగ, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. బారుగా లాగకూడదు. ఒక చుక్క పెట్టి, జానెడు దూరంలో ఇంకో చుక్క పెట్టి, చల్లారాక మధ్యలో నింపుకుంటూ రావాలి. కోయకముందే తలుపు సందులు నాలుగు చోట్ల కొలిచి రాసుకోండి, తలుపు చట్రానికి అడ్డంగా ఒక యాంగిల్ ముక్క అతికించండి. రెండు వైపులా ఒకేసారి కోయొద్దు. బండిని స్టాండ్ల మీదే నిలపండి, సిమెంటు ఇటుకలు చెప్పకుండా పగులుతాయి. ఇంకోటి, ఫ్యాన్ వేయకూడదు. గాలికి గ్యాస్ చెదిరి అతుకు స్పాంజిలా వస్తుంది. మే నెల బెజవాడలో ఫ్యాన్ లేకుండా, తోలు చేతి తొడుగులతో పదకొండు రోజులు చేశాను.

ఎందుకు ఇంట్లో అంటారా? 2019లో ఒక షెడ్డుకి ఇచ్చాను. మెరుస్తూ వచ్చింది. మరుసటి వర్షాలకి బొబ్బలు. కోసి చూస్తే లోపల గోనెగుడ్డ, దాని మీద వేలెడు మందం లప్పం, పైన రివెట్లు కొట్టిన పల్చటి రేకు. పాత తుప్పు ఎక్కడిది అక్కడే ఉంది.

బ్రాడీపేట_అంబాసిడర్:
బాబూ, చాసిస్ లేదు లేదు అంటున్నారు. చాసిస్ లేకపోతే ఆర్‌సీలో చాసిస్ నంబర్ ఎలా వచ్చింది? నా అంబాసిడర్ కింద నేనే పడుకుని చూశాను. పొడుగ్గా రెండు మెంబర్లు, అంటే ఇనుప దూలాలు, ఉన్నాయి. నేను ఏటా వానల ముందు అడుగంతా వాడిన ఇంజిన్ ఆయిల్ పూయిస్తాను, ముప్ఫై ఏళ్ళుగా తుప్పు లేదు. అసలు తుప్పు రానివ్వడం మీ తప్పు.

రేకుపని_ఆటోనగర్:
బాబాయ్ గారూ, ఆ మెంబర్లు ఫ్లోరుకే స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటాయి. బోల్టులు విప్పి బాడీని పైకెత్తలేరు. అంబాసిడర్ కూడా అంతే. నంబర్ కొట్టినంత మాత్రాన విడి చాసిస్ అయిపోదు.

తెనాలి_బుల్లెట్:
ఫైబర్ వేసెయ్యండి, మళ్ళీ తుప్పే పట్టదు.

ఇంటిగ్యారేజ్:
ఫైబర్ చిల్లు మూస్తుంది, బరువు మోయదు. ఆ మాటకొస్తే రస్ట్ కన్వర్టర్ కూడా అంతే. అందులో ఫాస్ఫారిక్ యాసిడ్ పైపై తుప్పుని మారుస్తుంది, పోయిన ఇనుముని తిరిగి తేదు.

పాతబండి:
2028కి ఈ బండికి 50 ఏళ్ళు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా, వీఏ సిరీస్‌లో రిజిస్టర్ చేయించుకోవచ్చు. కానీ చాసిస్‌లో గానీ బాడీ షెల్‌లో గానీ ఇంజిన్‌లో గానీ మార్పులు చేసి ఉండకూడదు. ఎవరు చేసినా రేకు పాత ఆకారంలోనే వేయించండి, కోసిన చోటల్లా ఫొటోలు తీసి పెట్టుకోండి.

బ్రాడీపేట_అంబాసిడర్:
చూశారా, ప్రభుత్వం కూడా చాసిస్ వేరు, బాడీ వేరు అనే రాసింది.

పద్మిని78:
బాబాయ్ గారూ, నమస్కారం. మీ బండి ఎప్పుడైనా నీళ్ళలో మునిగిందా? మాది మునిగింది. రన్నింగ్ బోర్డు కింద నీరు పోయే చిల్లులో ఇనుప చువ్వ పెట్టి తిప్పితే తడి ఒండ్రు వచ్చింది. వరద పోయి ఇన్నాళ్ళయినా ఇంకా తడిగానే ఉంది. ఆయిల్ పైన పూస్తే లోపలికి వెళ్ళదు కదండీ.

ఇంటిగ్యారేజ్:
అదే మరి. ముందు ఆ ఒండ్రు కడగండి, రెండు రోజులు ఎండబెట్టండి. తర్వాత మిగ్ మెషిన్ ఒక నెల అద్దెకి తెచ్చుకోండి. షెడ్డుకి మాత్రం ఇవ్వకండి. వాళ్ళ బాధ్యత రంగు ఆరే దాకానే.

రేకుపని_ఆటోనగర్:
ఈ మాట రెండోసారి అంటున్నారు సార్, ఇక ఊరుకోలేను. 2019లో ఆ పనికి మీరెంత ఇచ్చారు? ఇక్కడ అందరి ముందూ చెప్పండి.

ఇంటిగ్యారేజ్:
రంగుతో సహా 28 వేలు. 45 అడిగారు, తగ్గించాను. బేరమాడటం నేరమా?

రేకుపని_ఆటోనగర్:
నేరమని అనలేదు. 28 వేలల్లో రంగు సామాను ఎంత, రేకు ఎంత, ఇద్దరు మనుషుల కూలి ఎంత, మీరే లెక్క వేయండి. మీరు ఇంట్లో పదకొండు రోజులు కష్టపడ్డారు. ఆ పదకొండు రోజులకి మీరు ఎవరికీ కూలి ఇవ్వలేదు, మీకూ వేసుకోలేదు. అదే పదకొండు రోజులు మా నాన్న పడితే మాత్రం ఎక్కువ అడిగాడంటారు. రంగు కనపడుతుంది కాబట్టి దానికి డబ్బిస్తారు. లోపలి రేకు ఎవరికీ కనపడదు, దానికి రూపాయి రాలదు. మా నాన్న రాత్రుళ్ళు కళ్ళలో ఇసుక పోసినట్టు మంటతో, తడిగుడ్డ వేసుకుని పడుకోవడం నేను చూశాను. వెల్డింగ్ నల్ల అద్దం పట్టుకుంటే రెండో చెయ్యి ఖాళీ ఉండదని కళ్ళు మూసి చుక్కలు పెట్టేవాడు. ఇప్పుడు ఎడమ కన్ను సరిగ్గా ఆనదు. ఆయన చేతిలో గోనెగుడ్డ నేనెప్పుడూ చూడలేదు.

కృష్ణలంక_శీను:
ఇద్దరూ కాస్త తగ్గండి.

ఇంటిగ్యారేజ్:
మీ నాన్నగారిని నేను అనలేదు. అలా తగిలి ఉంటే క్షమించండి. కానీ నా బాధ డబ్బు కాదు. “ఈ డబ్బుకి రేకు పని రాదు, రంగు ఒక్కటే వస్తుంది” అని ఆయన నా మొహం మీద చెప్పి ఉంటే ఇంకో 20 వేలు కూడబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. చెప్పలేదు. మధ్యలో రెండుసార్లు వెళ్ళాను, రేకు కోశాక చూపించమన్నాను. “మీకెందుకు సార్, మేం చూసుకుంటాం” అన్నారు. ఆ లప్పం మీద మా అమ్మాయిని కూర్చోబెట్టుకుని ఏడాది పాటు స్కూలుకి తిప్పాను. ఆ కోత చూసిన రోజు నాకు చేతులు వణికాయి. అప్పటి నుంచి నా కంటికి కనపడని పని నేను ఎవరి దగ్గరా చేయించను.

రేకుపని_ఆటోనగర్:
కోసింది చూపించకపోవడం తప్పే. దానికి నేను అడ్డం మాట్లాడను. మా దగ్గర కూడా చెప్పకుండా కప్పేసేవాళ్ళు ఉన్నారు. చెబితే పని పక్క షెడ్డుకి పోతుందని భయం. నిజంగా పోతుంది కూడా.

పద్మిని78 గారూ, మనం ఇంతసేపూ రన్నింగ్ బోర్డు దగ్గరే ఉన్నాం. వెనక సీటు ఎత్తి చూశారా? వెనక కమాను, అంటే ఇరుసుని పట్టే పట్టీల స్ప్రింగు, దాని ముందు కొన బాడీకి పట్టే చోటు. మునిగిన బండికి నేను ముందు చూసేది అదే. పైన కార్పెట్, కింద బురద, మధ్యలో రెండు మూడు రేకుల అతుకు. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు పడుతుంది కాబట్టి ఆ అతుకు ఉబ్బుతుంది. సీటు తీసి, వైర్ బ్రష్ కొట్టి, ఫొటో పెట్టండి.

బ్రాడీపేట_అంబాసిడర్:
కమాను పట్టేది మెంబర్‌కే. నేను మొదటి నుంచి చెబుతున్నది ఆ మెంబర్ల గురించే.

పద్మిని78:
సీటు తీశాను. కుడివైపు పర్వాలేదు, బ్రష్ కొడితే తెల్లటి ఇనుము కనపడింది. ఎడమవైపు రేకు ఉల్లిపాయలా పొరలు లేచింది. ఒక పొర వేలితో లాగితే అరచేతిలో పొడి అయిపోయింది. బోల్టు పక్కన రూపాయి బిళ్ళంత చిల్లు, అందులోంచి కింద గచ్చు కనపడుతోంది. ఇద్దరు పట్టుకుని బండిని పక్కకి ఊపితే ఆ చిల్లు అంచు కదులుతోంది.

పోయిన శుక్రవారం ఈ బండిలోనే మా అమ్మని గుడికి తీసుకెళ్ళాను.

రేకుపని_ఆటోనగర్:
ఇక బండి కదపకండి. ఆటోనగర్‌కి కూడా నడుపుకుంటూ రావొద్దు, రికవరీ వ్యాన్ మీద ఎక్కించండి. ఆ చోటు ఊడితే వెనక ఇరుసు పక్కకి తిరుగుతుంది.

ఇంటిగ్యారేజ్:
కమాను చోటు నేనైనా ఇంట్లో ముట్టుకోను. అక్కడ కొలత ఒక అంగుళం తప్పినా బండి వంకరగా నడుస్తుంది. ఫ్లోరు, రన్నింగ్ బోర్డు ఇంట్లో అవుతాయి అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రేకుపని_ఆటోనగర్:
నాకు ఒప్పుదల లేదు, కానీ విప్పడం మాత్రం ఇంట్లోనే చేయండి. సీట్లు, కార్పెట్, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు మీరే తీసేస్తే మా కూలి తగ్గుతుంది. ఒండ్రు కూడా కడిగి పంపండి. కోసేటప్పుడు మీరు పక్కనే ఉండండి, కోసిన ముక్క మీ చేతికిస్తాను. కొత్త రేకు లోపలివైపు జింక్ ప్రైమర్ కొట్టి, మీరు చూశాకే మూస్తాం. అంతా కలిపి 60 కంటే తగ్గదు, ఇప్పుడే చెబుతున్నా.

పద్మిని78:
తగ్గించమని అడగను. వ్యాన్‌కి చెప్పాను, మంగళవారం. రేపు ట్యాంకు దింపుతాను.

ఇంటిగ్యారేజ్:
కమాను చోటు వెల్డింగ్ చేసే రోజు నేనూ వచ్చి చూడొచ్చా?

రేకుపని_ఆటోనగర్:
రండి సార్. నల్ల అద్దం మీదే తెచ్చుకోండి, మా దగ్గర ఒక్కటే ఉంది.