ఆలకందకమా, ఆలసందకమా?

తాటాకు:
అర్థశాస్త్రం రత్నపరీక్షలో పగడాల వాక్యం ఒకటి నోట్లో ఆడుతోంది గానీ సగం దగ్గర ఆగిపోతోంది. "ప్రవాలకమ్ ఆల...ందకం వైవర్ణికం చ, రక్తం పద్మరాగం చ" అని వస్తుంది. ఆ నడిమి మాట ఆలకందకమా, ఆలసందకమా? నా చెవిలో 'స' ఉంది. అది ఈజిప్టు రేవు అలెగ్జాండ్రియా పేరేనని, మధ్యధరా పగడం ఆ రేవు మీదుగా మనకు దిగేదని ఎప్పుడో ఒక ప్రసంగంలో విన్నాను. గ్రంథం ప్రతి దగ్గరున్నవారు ఆ ఒక్క అక్షరం చూసి పెట్టగలరు.

కవిలెకట్ట:
'క' అండీ. మైసూరు ముద్రణలో ఆలకందకమే. 'స' మీకు పాళీ బౌద్ధగ్రంథం మిళిందపన్హా నుంచి వచ్చి చేరి ఉంటుంది. యవనరాజు మిళిందుడు తాను పుట్టింది అలసంద అనే ద్వీపంలో అని నాగసేనుడికి చెప్తాడు కదా. సింహళ చరిత్ర మహావంశంలోనూ మహాస్తూపం పునాది ఉత్సవానికి యోన (గ్రీకు) నగరం అలసంద నుంచి భిక్షువులు తరలి వస్తారు. అయితే ఆ అలసంద ఈజిప్టుది కాదు, హిందూకుష్ పాదంలో అలెగ్జాండర్ నిలిపిన మరో ఊరు అనే పక్షం బలమైనది. ఆ పాళీ 'స'ను తెచ్చి కౌటిల్యుడి పగడానికి అతికించకూడదు.

సీమబిడ్డ:
అలసందల్ని వదిలేస్తే ఎట్లన్నా? కోస్తావాళ్లు బొబ్బర్లంటారు గానీ మాకు అవి అలసందలే, పండగొస్తే అలసంద వడలే. కన్నడంలోనూ అలసందె. ఆ రేవు నుంచి ఓడలో దిగిన గింజకు ఆ రేవు పేరే పెట్టుకున్నారని నా గట్టి నమ్మకం. బత్తాయికి బటావియా పేరు, చీనీకాయకు చీనా పేరు రాలేదా?

రేవుగాలి:
గింజ ఆఫ్రికాదే, అంతవరకు మీ మాట నిలుస్తుంది. కానీ మన దేశపు తవ్వకాల్లో ఆ గింజ క్రీస్తుకు ముందు రెండో సహస్రాబ్దిలోనే దొరికింది. అలెగ్జాండ్రియాకు ముగ్గు పోసింది క్రీ.పూ. 331లో. నిజంగానే ముగ్గు పోశారట. వీధుల గీతలు గీస్తుంటే సుద్ద అయిపోయి, సైనికుల బార్లీ పిండి తెచ్చి పోస్తే పిట్టలు వాలి తినేశాయని, అపశకునమా అని రాజు కంగారుపడితే ఈ ఊరు ఎన్నో దేశాలకు అన్నం పెడుతుందని జ్యోతిష్కులు చెప్పారని పాత కథ. గింజ మన పొలాల్లోకి వచ్చిన వెయ్యేళ్లకు గానీ ఆ ఊరు పుట్టలేదు.

సీమబిడ్డ:
గింజ ముందొచ్చి పేరు వెనక రాగూడదా? కొత్త రకం ఓడ దిగినాక పాత గింజకూ ఆ పేరే అంటుకోవచ్చు. దాన్ని కొట్టేసే ఆధారం మీరేం చూపలా.

రెల్లుకలం:
అందరూ క, స లలో ఒక్కటే ఉండాలని పట్టుబడుతున్నారు. గ్రీకులో అలెగ్జాండ్రియా పేరు నడుమ ఉన్నది 'క్సి' అనే ఒకే అక్షరం, పలికితే క్స. ఆ జంటను ఎవరికి చేతనైనట్టు వాళ్లు విడదీసుకున్నారు. అశోకుడి పదమూడో శిలాశాసనంలో అలెగ్జాండర్ అనే రాజు (దండయాత్ర చేసిన ఆయన కాదు, తర్వాతివాడు) 'అలికసుదర' అయ్యాడు. అక్కడ క, స రెండూ మిగిలాయి, మధ్యలో అచ్చు దూరింది. పాళీలో క జారి అలసంద అయింది. స జారితే ఆలకంద. కాబట్టి తాటాకు గారి చెవీ, కవిలెకట్ట గారి పుస్తకమూ ఒకే ఊరిని పిలుస్తున్నాయి. రాక్షసిని రక్కసి, లక్ష్మిని లచ్చి చేసుకున్న మనకు ఇందులో వింతేముంది? సీమబిడ్డ గారి అలసందను కొన్నిచోట్ల అలచంద అంటారు, ఆ 'చ' కూడా ఈ దారిలోదే.

కవిలెకట్ట:
రక్కసిలో ఉన్నది క్ష. మూర్ధన్య షకారం. గ్రీకు క్స లో ఉన్నది దంత్య స. రెంటికీ ఒకే సూత్రం పెట్టడం ఒప్పుకోను. పైగా 'ంద్ర'లో రేఫ ఎటు పోయింది? అలికసుదరలో రేఫ ఉంది, ఆలకందలో లేదు.

రెల్లుకలం:
చంద్రుణ్ణి చందమామ చేసుకున్నప్పుడు రేఫ ఎటు పోయిందో అటే పోయింది మాస్టారూ.

శాసనప్రియ:
అలికసుదర ప్రస్తావన వచ్చింది కాబట్టి, ఆ వరసలోనే ఉన్న అసలు మనిషిని దాటేయకండి. అంతియోకుడి తర్వాత చెప్పే నలుగురు రాజుల్లో మొదటివాడు గిర్నార్‌లో 'తురమాయ', కాల్సీలో 'తులమయ' (రెండూ అశోకుడి శాసనాలున్న చోట్లే). రెండో టాలెమీ. అలెగ్జాండ్రియా దీపస్తంభం వెలిగింది ఈయన కాలంలోనే. కర్నూలు వైపు ఎర్రగుడి బండల మీద కూడా ఈ పద్నాలుగు శాసనాల పాఠం ఉంది. అంటే ఆ రేవును ఏలుతున్న రాజు పేరు మన నేల మీద రాతిలో చెక్కి ఉంది. నాకు ర, ల తేడా మీదే ఆసక్తి. గ్రీకు 'ప్తొలెమయ'లో ఉన్నది ల. కాల్సీ రాతగాడు లకారం రాశాడంటే సరిగ్గా విన్నాడా, లేక ఆ మాండలికంలో రాజే 'లాజా' కాబట్టి అన్ని రేఫలూ ల అయినట్టే ఇదీ అయిందా? గిర్నార్ పాఠం తలకిందులుగా దిద్దిందని నా అభిప్రాయం. తూర్పు ప్రతిలో 'ల' కనబడగానే, అది మాండలికపు ల అనుకుని 'ర' చేసేశాడు.

కవిలెకట్ట:
ఇది బాగుంది. దీనికి ఒప్పుకుంటాను.

రేవుగాలి:
నా మనసంతా క, స కన్నా ముందున్న 'అల' మీద ఉంది. ఆ రేవు ఎన్ని చేతులు మారిందో ఆ రెండక్షరాల్లో కనిపిస్తుంది. అలెగ్జాండర్ రాకముందు అక్కడిది రాకోటిస్ అనే పల్లె, ఎదురుగా ఫారోస్ దీవి. ఒడ్డుకూ దీవికీ మధ్య ఏడు స్టేడియాల (గ్రీకుల దూరపు కొలత) కట్ట పోసేసరికి ఒక్క అఖాతం రెండు రేవులైంది. టాలెమీలు మూడు వందల ఏళ్లకు కొంచెం తక్కువగా ఏలారు. క్రీ.పూ. 30లో క్లియోపాత్రాతో వాళ్లు ముగిసి రోము దిగింది. ఈజిప్టు ధాన్యమంతా రోము నోటికి మళ్లింది. మన సరుకు ఎర్రసముద్రపు రేవుల్లో దిగి, ఒంటెల మీద కోప్టోస్ చేరి, నైలు మీద పడవల్లో ఈ ఊరికి వచ్చేది. పాతిక శాతం సుంకం కట్టాకే ముందుకు కదిలేది. ఆ ఎర్రసముద్రపు రేవుల్లో ఒకటైన మయోస్ హోర్మోస్ నుంచి 120 ఓడలు భారతదేశానికి పోతున్నాయని గ్రీకు భూగోళకర్త స్ట్రాబో రాశాడు. ఇంత జరిగినా నాటు ఈజిప్షియన్ల నోట ఊరి పేరు మారలేదు. కాప్టిక్‌లో అది చివరిదాకా రకోటె. గ్రీకు పేరు వచ్చినా తమ పాత పేరును వాళ్లు వదల్లేదు. ఆ పట్టుదలంటే నాకు ప్రాణం.

తర్వాత 619లో పారశీకులు పట్టుకుని పదేళ్లు ఉన్నారు. 642లో అరబ్బు సేనాని అమ్ర్ సేనలు లోపలికొచ్చాయి. 645లో బైజాంటియం నౌకాదళం తిరిగి లాక్కున్నా మరుసటేడే పోగొట్టుకుంది. రాజధాని ఫుస్తాత్‌కు పోయింది. అరబ్బులు ఈ పేరు విని మొదటి 'అల్'ను తమ భాషలో నామవాచకాల ముందు తగిలించే 'అల్' అనుకున్నారు. అది తీసేస్తే మిగిలింది ఇస్కందరియా. క్స తిరగబడి స్క అయింది. ఇక్కడ క, స రెండూ బతికే ఉన్నాయని రెల్లుకలం గారు గమనించాలి. పారశీకంలో ముందున్న 'ఇ' కూడా రాలి సికందర్. ఆ పేరున్న నిజాం సికందర్ జా మీదుగా 1806లో సికింద్రాబాద్. రాజు వేరు గానీ పేరుకు పేరు సరిపోయింది, అదీ అలెగ్జాండ్రియానే.

సీమబిడ్డ:
అంటే 'అల' నిలిచింది మా అలసందల్లోనే. నేను మొదట్నించీ చెప్తాండేది అదే.

చాటువు:
ఇంతమంది పెద్దలుండి శ్రీనాథుణ్ణి ఒక్కరూ తలవలేదు. రేవుల పేర్లు పద్యంలో మోగించినవాడు మరొకడున్నాడా? హరవిలాసం అవతారికలో అవచి తిప్పయ సెట్టి తెప్పించిన సరుకుల సీసం గుర్తు చేసుకోండి. పంజార, జలనోంగి, సింహళం, హురుమంజి. హురుమంజి అంటే హొర్ముజ్, గుర్రాలు దిగిన రేవు. ఆ 'హురుమంజి'లో పలుకు చూడండి, పరాయి నోటి హొర్ముజ్‌కు తెలుగు అజంత (అచ్చుతో ముగిసే) సుఖం ఎట్లా ఇచ్చాడో. కర్పూర వసంతరాయలు కుమారగిరి వసంతోత్సవాలకు సుగంధాలు అందించిన సెట్టి ఆయన. అలెగ్జాండ్రియా నిజంగా అంత పెద్ద రేవైతే శ్రీనాథుడు విడిచిపెట్టేవాడా? 'అలసంద' సీసపాదంలో ఎంత చక్కగా ఒదిగేది.

రేవుగాలి:
అప్పటికి ఆ రేవు మన వర్తకుల కంటికి కనబడేది కాదు చాటువు గారూ. మిరియాలు ఏడెను, జిద్దా దాటి ఈజిప్టును ఏలే మమ్లూక్ సుల్తానుల చేతిలో పడేవి. అలెగ్జాండ్రియాలో వాటిని కొనేది వెనీసువాళ్లు. మన సెట్టి చెయ్యి హురుమంజి దాకా పోయిందంటేనే గొప్ప. 1420లలో సుల్తాన్ బర్స్‌బే మిరియాల బేరం మొత్తం తన గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఊరు కూడా దెబ్బతిని ఉంది. 1303 భూకంపం దీపస్తంభాన్ని కూలదోసినంత పని చేసింది. 1326లో ఇబ్న్ బతూతా చూసేసరికి ఒక పక్క పడిపోయి ఉంది. 1349లో మళ్లీ పోతే గుమ్మం దాకా కూడా ఎక్కలేకపోయాడు. 1365లో సైప్రస్ రాజు పీటర్ ఓడలేసుకొచ్చి దోచుకుపోయాడు. చివరికి 1477లో సుల్తాన్ కైత్‌బే ఆ దీపస్తంభం చోటే కోట కట్టించాడు. పాత రాళ్లు ఆ గోడల్లో ఉన్నాయి. 1517లో ఆటోమన్లు వచ్చేనాటికి ఊరు ఎండిపోతోంది, నైలు నీళ్లు తెచ్చే కాలువ పూడిపోయింది. మహమ్మద్ అలీ మహమూదియా కాలువ తవ్వించాక, 1820 నుంచి గానీ మళ్లీ ఊపిరి రాలేదు. 1882లో ఆంగ్లేయుల ఫిరంగుల దాడితో నడిబజారు తగలబడింది. 1956లో నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేస్తున్నానని చెప్పింది ఈ ఊరి మన్షియా చౌకులోనే. ఆ తర్వాత గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు మూటాముల్లె సర్దుకున్నారు. గ్రీకు పేరు మీద పుట్టిన ఊళ్లో గ్రీకు వినబడటం అరుదైపోయింది. నాకు కడుపు తరుక్కుపోయేది అక్కడే.

చాటువు:
జలనోంగి ఎక్కడో ఎవరైనా తేల్చారా? పండితులు తలా ఒక దీవి చూపిస్తారు.

శాసనప్రియ:
అది వేరే దారం పెడదాం. మన రేవు ఆ ఊరికి తెలుసు, అది చెప్పి ఊరుకుంటాను. రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని భూగోళం రాసిన టాలెమీ (రాజు కాదు, ఖగోళవేత్త) మైసోలియా (కృష్ణా మొగదల సీమ) తీరంలో 'కొంటకొస్సుల' అనే రేవును గుర్తించాడు. నాగార్జునకొండ శాసనంలో అదే కంటకసేల, ఇప్పటి ఘంటసాల. ఈయన 'స'ను రెట్టించాడు, మన శాసనంలో ఒక్క స. తాటాకు గారికి కావలసింది స అయితే ఇక్కడ కావలసినన్ని ఉన్నాయి.

తాటాకు:
నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. కవిలెకట్ట గారి 'క' అచ్చులోది. తాళపత్రాల్లో పాఠాంతరం ఉందా? పగడం మధ్యధరాదే అన్నదాంట్లో నాకు సందేహం లేదు. రోమువాళ్లకు ముత్యాల మీద ఎంత మోజో భారతీయులకు పగడం మీద అంత అని రోము రచయిత ప్లినీ రాసుకున్నాడు. మన తీరాల్లో ఆ ఎర్ర పగడం పెరగదు. అయినా మన మంగళసూత్రాల్లోకి అది ఎక్కింది. ఏదో ఒక రేవు పేరు దాని మీద ఉండి తీరాలి.

రెల్లుకలం:
వాక్యం కట్టుబడి చూడండి. ముందు రెండు, తర్వాత రెండు. 'రక్తం పద్మరాగం చ' అనేవి రంగులు. కాబట్టి ముందు జంట రెండూ చోట్లే కావాలి. ఆలకందకం ఊరి పేరు అనడానికి క, స కన్నా ఇదే గట్టి సాక్ష్యం. పాత వ్యాఖ్య కూడా వైవర్ణికానికి మూలమైన వివర్ణను యవనద్వీపం దగ్గరి సముద్రంలోనే పెట్టింది.

కవిలెకట్ట:
వివర్ణ చోటని ఎట్లా అంటారు? రంగు వెలిసినది అన్న అర్థం ఎదురుగా కనబడుతుంటే! వైవర్ణికం అంటే పాలిపోయిన పగడం, దాని తర్వాత ఎర్రది, ఆ తర్వాత పద్మరాగపు ఛాయది. అప్పుడు మూడూ రంగులే, ఆలకందకం ఒక్కటే మిగులుతుంది. 'కంద' అంటే దుంప. దుంప ఆకారంలో పెరిగిన పగడం అని ఎందుకు అనుకోకూడదు?

రెల్లుకలం:
అయితే ముందున్న 'ఆల' ఏమిటో చెప్పండి.