శాసనాల్లో ఉన్న చెరువులను మ్యాప్ మీదకి తేవడానికి సాయం కావాలి

నమస్కారం అండీ. నేను బెంగళూరులో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నాను, తోడుగా హైడ్రాలజీ చదివిన స్నేహితుడు ఉన్నాడు. బి.ఎల్. రైస్ 1905లో తెచ్చిన ఎపిగ్రాఫియా కర్ణాటికా 9వ సంపుటంలో బెంగళూరు జిల్లా శాసనాలున్నాయి కదా, వాటిలో చెరువుల మాట వచ్చినవన్నీ ఏరి, పాత టోపోషీట్లతోనూ (సర్వే మ్యాపులు) 1972 నుంచి దొరుకుతున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతోనూ పోల్చి, ఏ చెరువు ఎప్పుడు మాయమైందో తేల్చాలని మా ప్రయత్నం.

చిక్కు ఎక్కడంటే, పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్‌లో (అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం) ఉన్నాయి, ఉపగ్రహ చిత్రాలేమో డబ్ల్యూజీఎస్ 84 అనే ఇంకో డేటమ్‌లో. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి వేస్తే చెరువు కట్ట పక్కకి జరిగి అపార్ట్‌మెంట్ల మీద కూర్చుంటోంది. పాత గుళ్లు, రోడ్డు కూడళ్లు పట్టుకుని సరిచేస్తే ఒక మూల కుదురుతుంది, ఇంకో మూల తప్పుతుంది. ఒక డేటమ్ నుంచి ఇంకోదానికి మార్చడానికి మన దక్షిణాదికి మీరు ఏ ట్రాన్స్‌ఫర్మేషన్ వాడుతున్నారు?

రెండోది నాకు ఇంకా ముఖ్యం. కొన్నిచోట్ల ఊరికి ఫలానా దిక్కున ఉన్న చెరువు అని తప్ప ఇంకేమీ తెలియదు. దాన్ని మ్యాప్‌లో ఒక చుక్కగా పెడితే లేని కచ్చితత్వం వచ్చేస్తుంది, తర్వాత లెక్కలన్నీ దాని మీదే కడతారు. ఇలాంటి సందేహాన్ని డేటాబేస్‌లో ఎలా నమోదు చేస్తారు? పురావస్తు, జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపింగ్) పని చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి, కోడ్ ఇస్తే మరీ మంచిది.