నాగోల్ దగ్గర్లో ఆడకుక్కకి స్పే (పిల్లలు పుట్టకుండా గర్భసంచి తీసే) ఆపరేషన్ ఎక్కడ చేయించాలి? చిన్న క్లినిక్కా, పెద్ద హాస్పిటలా, గవర్నమెంటా?

చిన్నూ వాళ్లమ్మ

అందరికీ నమస్తే అండి. మా చిన్నూ ఇండీ (మన నాటు కుక్క), ఆడది, ఏడాదిన్నర ఉంటుంది, 16 కిలోలు. పోయిన నెలాఖర్లో హీట్ (ఎదకి వచ్చే రోజులు) అయిపోయింది, ఇక ఆపరేషన్ చేయించేద్దాం అని ఫిక్సయ్యాం, ఎందుకంటే ఆ రోజుల్లో వీధిలో మగకుక్కలన్నీ మా గేటు ముందే కాపురం, రాత్రంతా ఒకటే గోల, పక్కింటి అంకుల్ మా ఆయన్ని పిలిచి క్లాసు పీకారు కూడా.

ఒకటి మా కాలనీలోనే చిన్న క్లినిక్ ఉంది, వ్యాక్సిన్లన్నీ అక్కడే వేయించాం, డాక్టర్ గారు చాలా మంచాయన, చిన్నూ కూడా ఆయన్ని చూస్తే తోకూపుతుంది, కానీ ఆపరేషన్ కూడా ఆ ఇంజక్షన్లు వేసే టేబుల్ మీదే చేసి సాయంత్రానికి పంపించేస్తా అంటున్నారు. ఇంకోటి మెయిన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన పెద్ద హాస్పిటల్, ఏసీ, రిసెప్షన్, ఫోన్ చేస్తే ప్యాకేజీ అన్నారు, రేటు కాలనీ డాక్టర్ గారు చెప్పినదానికి మూడింతలు ఉంది. లేదంటే గవర్నమెంట్, నారాయణగూడ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల గానీ రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ గానీ. మా ఆయనేమో అది గేదెలకి చూసే చోటు అని ఒకటే మాట.

చేయించినవాళ్లు చెప్పండి ప్లీజ్. ఇంట్లో పిల్లి కూడా ఉంది, మగ పర్షియన్, రెండింటికీ ఒకే డాక్టరైతే బాగుండు అని నా ఆశ.

పాతబస్తీ పహిల్వాన్

అక్కా, ముందుగాల బావకి చెప్పు, రాజేంద్రనగర్ల గేదెలు వస్తయి నిజమే గానీ పొద్దున పోయి చూస్తే లైన్ల సగం కుక్కలే ఉంటయి. మా రాట్‌వీలర్‌కి కాలు ఇరిగితే అక్కడ్నే ఆపరేషన్ చేయించిన. సర్జరీకి వేరే డిపార్ట్‌మెంట్, మెడిసిన్‌కి వేరే, గర్భసంచి కేసులకి వేరే, ఎంవీఎస్సీ (పశువైద్యంల పీజీ) చేసిన ప్రొఫెసర్లు దగ్గరుండి చూస్తరు. స్టూడెంట్స్ చుట్టూ నిలబడి ఒకరి తర్వాత ఒకరు టెంపరేచర్ చూస్తరు, గదొక్కటే లొల్లి, మా వాడైతే చిరాకువడ్డడు. ఫీజు నామమాత్రమే, మందులు కొన్ని బయట తెచ్చుకోమంటరు.

కష్టమేందంటే టైం. నాగోల్ నుంచి ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదికెల్లి పోవాలె, పొద్దుగాలనే ఉండాలె, సగం రోజు ఖతం. కుట్లు చూపెట్టనీకి మళ్ల పోవాలె. బావకి లీవ్ దొరికితే పో, లేకుంటే వద్దు.

ఉప్పల్ ఉష

అండీ రేటు పక్కన పెట్టి మూడు చోట్లా ఒకటే అడగండి, మత్తు ఎలా ఇస్తారు, ఇచ్చాక ఎవరు చూస్తూ ఉంటారు అని. కొన్నిచోట్ల ఇంజక్షన్ మత్తుతోనే మొత్తం కానిచ్చేస్తారు, కొన్నిచోట్ల గొంతులో ట్యూబ్ వేసి గ్యాస్ మత్తు ఇస్తారు, మానిటర్‌లో గుండె, ఆక్సిజన్ కనిపిస్తూ ఉంటాయి. ఇంజక్షన్‌తో చేసేవాళ్లంతా తప్పు చేస్తున్నారని కాదు, వేల ఆపరేషన్లు అలా జరుగుతూనే ఉన్నాయి, కానీ కోసేవాళ్లొకరూ మత్తు చూసేవాళ్లొకరూ ఉండాలి కదా, ఒక్కరే రెండూ చూస్తా అంటే నాకు భయం.

ఆపరేషన్ థియేటర్ చూడొచ్చా అని అడగండి. రండి చూపిస్తాం అంటే మంచిదే, విసుక్కుంటే లేచి వచ్చేయండి. ప్రిస్క్రిప్షన్ మీద వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నెంబర్ ఉందో లేదో చూడండి, వ్యాక్సిన్ బుక్‌లో బాటిల్ స్టిక్కర్ అంటిస్తున్నారా లేక ఉత్తి సంతకమేనా అనేది కూడా. వ్యాక్సిన్ని ఎప్పుడూ 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి, మా పాత డాక్టర్ టేబుల్ సొరుగులోంచి తీసేవారు, అది చూశాకే నేను మారిపోయా.

ఇంకో విషయం, బయట 24 గంటలు అని బోర్డు ఉంటే నమ్మేయకండి. రాత్రి పూట డాక్టర్ ఉంటారా, అసిస్టెంట్ అబ్బాయి ఒక్కడే ఉండి ఫోన్లో డాక్టర్ని అడిగి సెలైన్ పెడతాడా, ఓ రాత్రి పదకొండుకి ఫోన్ చేసి చూస్తే తెలిసిపోతుంది. మా వీధి చివర ఓ దాంట్లో అదే కథ. పేరు చెప్పను లెండి.

మియావ్ మామయ్య

మీ ఆఖరి లైను చూసి రాస్తున్నా, రెండింటికీ ఒకే డాక్టర్ అన్న ఆశ వదిలేయండి మేడమ్, కనీసం మగ పిల్లి విషయంలో. కుక్కల్ని బాగా చూసేవాళ్లంతా పిల్లుల్ని బాగా చూస్తారని ఏం లేదు.

మా మగ పిల్లి ఓ సాయంత్రం లిట్టర్ బాక్సులోకి (పిల్లి ఒంటికి, రెంటికి వెళ్లే డబ్బా) ఎక్కడం, కూర్చోవడం, ఏమీ రాక దిగడం, రెండు నిమిషాలకి మళ్లీ ఎక్కడం, మధ్యలో ఓ రకంగా అరుపు. వెనక్కి తిరిగి అక్కడే నాక్కుంటాడు. మా ఆవిడ మలబద్ధకం అంది. కుక్కల క్లినిక్‌కి తీసుకెళ్తే వాళ్లూ అదే అని సిరప్ రాశారు, పొట్ట మీద చెయ్యి కూడా వేయలేదు. అక్కడినుంచి ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం, ఆవిడ కింద పొట్ట పట్టుకోగానే నిమ్మకాయంత గట్టిగా తగిలింది, యూరిన్ బ్లాక్ అన్నారు. మత్తిచ్చి సన్న పైపు వేసి తీశారు, ఎర్రగా వచ్చింది. మగ పిల్లుల్లో ఆ దారి చాలా ఇరుకు, మూసుకుపోతే ఒంట్లో పొటాషియం పెరిగి ఒకట్రెండు రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చట. అందుకే మీ పర్షియన్‌కి ఈ పైపు వేయడం వచ్చిన డాక్టర్ ఎవరో ఇప్పుడే కనుక్కుని నెంబర్ సేవ్ చేసుకోండి. పిల్లికి జ్వరం అని ఇంట్లో పారాసిటమాల్ మాత్రం అస్సలు వేయొద్దు, విషమే అది వాటికి.

చిన్నూ వాళ్లమ్మ

అమ్మో మామయ్య గారూ భయపెట్టేశారు. ఉష గారూ థాంక్స్, ఈ రోజే అడిగా. పెద్ద హాస్పిటల్‌లో గ్యాస్ మత్తు ఉందట, థియేటర్ చూపించారు, కానీ ముందు రక్త పరీక్షకి మళ్లీ వేరే డబ్బులట, ప్యాకేజీలో రాదట. కాలనీ డాక్టర్ గారేమో కుర్రది కదా పరీక్షలెందుకమ్మా అన్నారు. పరీక్ష నిజంగా అవసరమా లేక బిల్లు పెంచడానికా?

ఫైనల్ ఇయర్ వెట్

బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) చదువుతున్నా మేడమ్, ఇంకా డాక్టర్ని కాదు. పరీక్ష అవసరమే. చిన్నూకి ఎప్పుడైనా పిడుదులు పట్టాయా? మన ఊళ్లో ఇండీలకి పట్టకుండా ఉండవు లెండి. వాటివల్ల వచ్చే టిక్ ఫీవర్ కొన్నిసార్లు బయటికి ఏమీ కనపడకుండా లోపల ఉంటుంది, తిండి తింటుంది, ఆడుతుంది, కానీ ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే కణాలు) పడిపోయి ఉంటాయి. కుక్కకి మామూలుగా 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉండాలి. బాగా తక్కువున్నప్పుడు గర్భసంచి తీస్తే రక్తం ఆగదు. సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) చేయించండి, వీలైతే స్మియర్ (రక్తం చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) కూడా చూడమనండి. టిక్ ఫీవర్ తేలితే డాక్సీసైక్లిన్ ఓ నాలుగు వారాలు వాడి, కౌంట్ పెరిగాక ఆపరేషన్.

అసలు ఇప్పుడే తొందరపడకండి కూడా. హీట్ అయిపోయి ఎన్నో రోజులు కాలేదు అంటున్నారు, అక్కడ రక్తనాళాలు ఇంకా ఉబ్బి ఉండొచ్చు, 2-3 నెలలు ఆగమని చెప్తారు మా సార్లు. ఈలోపు నీళ్లు విపరీతంగా తాగడం, తిండి మానేయడం, వెనక నుంచి చీములాంటిది కారడం కనిపిస్తే మాత్రం ఆగొద్దు, గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, దాన్ని పయోమెట్రా అంటారు, ఆ రోజే స్కానింగ్‌కి వెళ్లాలి.

నన్నడిగితే వ్యాక్సిన్లకి, చిన్నచిన్న జ్వరాలకి మీ కాలనీ డాక్టర్ గార్నే ఉంచుకోండి, చిన్నూ భయపడని మనిషి దొరకడం చిన్న విషయం కాదు. ఆపరేషన్ మాత్రం మానిటర్ ఉన్నచోట, అది పెద్ద హాస్పిటలైనా రాజేంద్రనగర్ కాలేజీ అయినా సరే. రక్త పరీక్ష ఎక్కడ చేయించినా రిపోర్టు పట్టుకెళ్లొచ్చు, ప్యాకేజీ వాళ్ల దగ్గరే చేయించాలని రూలేం లేదు.

కొత్తపేట కుమార్

1962కి (గవర్నమెంట్ సంచార పశువైద్యశాల నెంబర్) ఫోన్ చేస్తే వ్యాన్ ఇంటికే వస్తుంది కదా ఫ్రీగా?

పాతబస్తీ పహిల్వాన్

అన్నా అది ఊర్లల్ల బర్లకి, గొర్లకి. నాగోల్ల అపార్ట్‌మెంట్‌కి రాదు 😀 ఫ్రీ కావాలంటే జులై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకి వచ్చే రోగాల మీద జరిపే దినం) రోజు గవర్నమెంట్ దవాఖాన్లల్ల రేబీస్ టీకా ఉత్తగనే ఏస్తరు, అది ఏపియ్యి. సర్టిఫికెట్ మున్సిపల్ కార్పొరేషనోళ్ల కుక్క లైసెన్స్‌కి కూడా పనికొస్తది.

చిన్నూ వాళ్లమ్మ

పిడుదులు వానాకాలంలో చాలా పట్టాయండి, చెవుల్లోంచి ఏరి ఏరి తీశాం. శనివారం కాలనీ డాక్టర్ గారి దగ్గరే రక్తం ఇప్పించి ల్యాబ్‌కి పంపిస్తాం. మా ఆయన రాజేంద్రనగర్‌కి సగం ఒప్పుకున్నారు, ఫీజు సంగతి విన్నాక.

ఫైనల్ ఇయర్ వెట్

రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి మేడమ్, మా సార్‌కి చూపిస్తా. ఫోటో మాత్రం క్లియర్‌గా తీయండి, మొన్నెవరో పెట్టినదాంట్లో సరిగ్గా ప్లేట్‌లెట్ల లైను మీదే బొటనవేలు ఉంది.