‘అతి’ అన్నది తిట్టు ఎప్పుడయ్యింది?

అందరికీ నమస్తే. పోయిన ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో వండర్ ఉమన్ (అమెరికా కామిక్స్‌లో ఆడ సూపర్‌హీరో) తొలినాటి కథల పుస్తకం ఒకటి దొరికింది, ఇంటికి వచ్చేదాకా ఆగలేక బస్సులోనే సగం చదివేశా. 1941లో పుట్టిన పాత్ర. ఆడవాళ్ళు మాత్రమే ఉండే దీవి, అక్కడ గుర్రాలకి బదులు కంగారూల్లాంటి పెద్ద జంతువులెక్కి పోటీలు పడతారు, వాటి పేరు కాంగా! చేతి కడియాలతో తుపాకీ గుండ్లని టపటపా తిప్పికొట్టుడు, కంటికి కనబడని విమానం... ఎటా కేండీ అని ఒక బొద్దు స్నేహితురాలు ఉంటుంది, మిఠాయి డబ్బా వదలదు, కాలేజీ అమ్మాయిలందర్నీ వెంటేసుకుని శత్రువుల మీద పడిపోతుంది. ఎంత నచ్చిందో చెప్పలేను.

మా అత్తమ్మ బొమ్మలు చూసి “ఇదేం అతి బిడ్డా” అన్నది. కోపంగా ఏం అనలేదు, కానీ ఆ మాట దగ్గరే నేను ఆగిపోయిన. అమ్మాయి గట్టిగా నవ్వితే అతి, పెళ్ళిలో డాన్స్ చేస్తే అతి. హీరో ఒక్కడే ఇరవై మందిని గాల్లోకి లేపితే మాత్రం ఎలివేషన్!

“అతి సర్వత్ర వర్జయేత్” అని చాణక్య నీతిలోది అందరం వాడతాం కదా, ముందు పాదాలు ఎవరూ చెప్పరు. అతిరూపం వల్ల సీత, అతిగర్వం వల్ల రావణుడు, అతిదానం వల్ల బలి కష్టాలపాలయ్యారని అందులో ఉంటుంది. గర్వపడింది రావణుడు, దానం చేసింది బలి, మరి సీత ఏం చేసింది? అందంగా పుట్టింది, అంతే. ఎత్తుకుపోయినవాడు అదే శ్లోకంలో పక్కనే ఉన్నాడు, అయినా ఆమె పేరే ముందు.

అతి అంటే అసలు అర్థం మించి, దాటి అని మాత్రమే. సూపర్ అన్నా అంతే కదా. మన దగ్గర ఆ మించిపోవడాన్ని ముచ్చటగా రాసినవాళ్ళు లేరా అంటే పోతన ఉన్నాడు. నరకాసురుడితో యుద్ధం ఇది, సత్యభామ లేచి నిలబడితే కృష్ణుడు అంటాడు:

లేమా! దనుజుల గెలువగ
లేమా? నీవేల కడగి లేచితి విటు రా
లే మాను మానవేనిన్
లే మా విల్లందికొనుము లీలన్ గేలన్

నాలుగు పాదాలూ ‘లేమా’ అనే మొదలు, ప్రతిసారీ విరుపు వేరు. ఓ అమ్మాయీ, మేం గెలవలేమా, నువ్వెందుకు లేచావు, మానుకో అంటూనే, మానవా, అయితే లే, మా విల్లు పట్టుకో అంటాడు. వద్దనడం దగ్గర మొదలై విల్లు చేతికివ్వడం దగ్గర ఆగుతుంది, అదీ ఒక్క కందంలో! ఆ తర్వాత సీసం ఇంకా బాగుంటుంది, “రాకేందుబింబమై రవిబింబమై” అని, అదే మొహం హరికి పున్నమి చంద్రుడు, అరికి, అంటే శత్రువుకి, మండే సూర్యుడు. కామిక్‌లో అయితే దానికి రెండు బొమ్మలు వేయాలి.

ఇప్పుడు నా అసలు డౌటు. సూపర్‌హీరో ఆడమనిషి అయితే తెలుగులో ఏమనాలి? హీరోయిన్ అంటే సినిమా ఆమె అనుకుంటారు. వీరనారి ఉంది, కోఠి మహిళా యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరు ముందు ఆ మాటే ఉంది, అది చూస్తే చేతులు జోడించాలనిపిస్తది. కాంగా ఎక్కి దుంకే ఆమెకి ఆ బరువైన మాట పెట్టబుద్ధి కాలేదు.

కామెంట్: అక్కా, అతిరథ మహారథులు అంటం కదా, ‘అతిరథ’ అంటే మస్తుగుంటది.

కామెంట్: తమ్ముడూ, మాట బాగుంది కానీ సత్యభామకి ఆ యుద్ధంలో రథమే లేదు, గరుత్మంతుడి మీద వెళ్ళింది.

కామెంట్: అమ్మా, ‘అతివ’ అంటే స్త్రీ అనే కదా అర్థం. ‘అతివీర’ అనండి, మించిన వీర అనీ అవుతుంది, అతివ కూడా వినబడుతుంది.

నా జవాబు: మాస్టారూ, ఇది దొరికినందుకు చాలా సంతోషంగా ఉందండి. అతివకీ, సంస్కృతం అతికీ చుట్టరికం ఉందని నేననను, చెవికి కలిసింది, అది చాలు. పైకి చదివి చూశా: “అతివీర కడియం అడ్డం పెట్టింది”, “అతివీరలు దీవి దాటారు”. ఎక్కడా నాలుక తడబడలేదు. తమ్ముడూ, అతిరథ కూడా రాసి పెట్టుకున్నా, రథం ఉన్న కథ దొరికితే వాడతా.

ఇక ఎటా కేండీ మిగిలింది. ఆమెకి శక్తులేం లేవు, కడియాలు లేవు, మిఠాయి డబ్బా ఒక్కటే, అయినా అందరికంటే ముందు ఉరుకుతది. అట్లాంటామెకి మీ ఊళ్ళో ఏమంటారు?