కుక్కలతో పాటు నక్క పిల్లనీ కొండకి తీసుకెళ్లొచ్చా?

బ్రాడీపేట బాబాయ్:
మాది గుంటూరు. నా దగ్గర రాజు, బుల్లి అని రెండు నాటు కుక్కలున్నాయి. ఆదివారం తెల్లారకముందే కారెక్కించి కొండవీడు తీసుకెళ్తా. ఘాట్ రోడ్డు మనకి పడదు, కాలిబాటే.

మొన్న మిరపకాయ కోతలప్పుడు మా మామయ్య చేలో, కాలవ గట్టు బొరియ దగ్గర కూలీలకి నక్క పిల్ల దొరికింది. నిన్న ఇంటికి తెచ్చాను. బుల్లి పొట్టకి ఆనుకుని పడుకుంటోంది. అమెరికాలో ఒకాయన పెంపుడు కయోటీని (అక్కడి నక్కలాంటి అడవి జంతువు), కుక్కల్ని వెంటేసుకుని కొండలెక్కే వీడియో చూసినప్పటి నుంచి నాకూ మనసు లాగుతోంది. పెంచితే కుక్కల్లా వెంట నడుస్తుందా? మా ఆవిడేమో "నక్క తోక తొక్కాననుకుంటున్నావా, ఇంటికి పోలీసులొస్తారు" అంటోంది.

కోడిపులుసు:
పక్కింటి కోళ్ల సంగతి కూడా ఆలోచించు బాబాయ్.

పటమట రమణ:
నేను అమెరికాలో ఉన్నప్పుడు మా వీధిలో ఒక పెద్దాయన కయోటీని పెంచేవాడు. అక్కడ కూడా అన్ని రాష్ట్రాల్లో ఒప్పుకోరు. ఆయనతో, ఆయన లాబ్రడార్లతో రాకీ పర్వతాల్లో నేనూ నడిచాను. కుక్కలు తోకలెత్తుకుని బాట మీదే పరిగెత్తేవి. ఇది పొడవాటి తాడుతో బాట పక్క తుప్పల్లోంచి, తోక కిందికి దించుకుని వచ్చేది. పిలిస్తే ఆగి చూస్తుంది, రాదు. కొత్త మనిషి ఎదురైతే నడుం విల్లులా వంచి, నోరు బార్లా తెరిచి బుస్సుమనేది. ఒకసారి నా సంచి జిప్పు తీశానో లేదో, పులిహోర పొట్లం నోట కరుచుకుపోయింది. ముందు కాళ్లతో గొయ్యి తీసి, పొట్లం అందులో పెట్టి, ముక్కుతో మట్టి నెట్టి కప్పేసింది. నేను ఆకలితో చూస్తూ నిలబడ్డాను.

పిల్లప్పుడు సీసాపాలు తాగిందే. ఈడుకొచ్చాక చలికాలం వస్తే, అంటే జతకట్టే రోజుల్లో, గిన్నె దగ్గరికి ఆయన్ని కూడా రానిచ్చేది కాదు. పైగా అక్కడ కయోటీకంటూ అనుమతి ఉన్న రేబిస్ టీకా లేదు. కుక్కల టీకా వేయించినా లెక్కలోకి రాదు. ఎవరినైనా కరిస్తే చంపి మెదడు పరీక్షకి పంపుతారని ఆయనకి ఒకటే టెన్షన్. వీడియోలో ఇవేవీ చూపించరు.

పశువుల డాక్టర్:
బాబాయ్ గారూ, మీ ఆవిడ చెప్పిందే నిజం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నక్కని ఇంట్లో ఉంచుకోవడం నేరం. వెంటనే అటవీ శాఖకి ఫోన్ చేయండి. పిల్ల ఆరోగ్యంగా ఉంటే వాళ్ల ఆధ్వర్యంలో సాయంత్రానికి అదే బొరియ దగ్గర పెట్టించొచ్చు. మనిషి వాసన తగిలిందని తల్లి వదిలేయదు. కానీ అలజడైతే మిగతా పిల్లల్ని వేరే బొరియకి మార్చేస్తుంది, అందుకే ఆలస్యం వద్దు. నక్కల్లో తల్లీతండ్రీ ఇద్దరూ పిల్లల్ని సాకుతాయి.

ఈలోపు బుల్లిని దూరంగా ఉంచండి. డిస్టెంపర్, పార్వో అనే వైరస్ జబ్బులు నక్కల నుంచి కుక్కలకీ, కుక్కల నుంచి నక్కలకీ సోకుతాయి. పిల్ల పన్ను ఎవరికైనా గీరుకుందా? గీరుకుంటే సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఈరోజే రేబిస్ టీకాకి వెళ్లాలి.

బ్రాడీపేట బాబాయ్:
ఫోన్ చేశాను, రేంజ్ ఆఫీసు వాళ్లు బయల్దేరారు. కూలీల్లో ఒకావిడకి వేలి మీద గీత పడిందట, మామయ్య బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్తున్నాడు. డాక్టర్ గారూ, బుల్లికి బూస్టర్ గడువు దాటింది. రేపు వేయిస్తే ఈ ఆదివారం కొండెక్కించొచ్చా, ఓ వారం ఆపాలా?