అప్‌డేట్: కెమెరా ఎట్టకేలకు తల తిప్పింది

పోయిన వారం అడిగాను కదా: యూఎస్‌బీ పీటీజెడ్ కెమెరాలో (పక్కలకీ, పైకీ కిందికీ తిరిగి, జూమ్ కూడా చేసే కెమెరా) బొమ్మ బాగానే వస్తోంది, రిమోట్‌తో తిరుగుతోంది, కానీ లైనక్స్ కంప్యూటర్ నుంచి ఎన్ని కమాండ్లు ఇచ్చినా కదలడం లేదని. సమస్య తీరింది. తప్పు కెమెరాది కాదు, నాదే. అదీ ఒకటి కాదు, రెండు.

మొదటిది, ఒకే కెమెరాకి వీడియో0, వీడియో1 అని రెండు డివైస్‌లు కనిపిస్తాయి. నేను పట్టుకు వేలాడింది రెండోదాన్ని. అది మెటాడేటా (వీడియో గురించిన అదనపు సమాచారం) కోసం మాత్రమే, అందులో కంట్రోల్స్ ఉండవు. ఇక్కడ ఎవరో "ముందు కంట్రోల్స్ లిస్ట్ తీసి చూడండి" అన్నారు, వారికి దండం.

రెండోది అసలు తమాషా. వీడియో0కి మారాక పాన్ (పక్కలకి తిరగడం) విలువ 10 ఇచ్చాను. ఉలుకూ పలుకూ లేదు. 50 ఇచ్చాను. ఊహూఁ. మోటారు పోయిందేమోనని టెన్షన్ పడ్డాను కూడా. తీరా లిస్ట్ సరిగ్గా చదివితే కనీసం -612000, గరిష్ఠం 612000, స్టెప్ 3600 అని ఉంది. ఆ లెక్క డిగ్రీల్లో కాదు, ఆర్క్ సెకన్లలో! ఒక డిగ్రీకి 3600. అంటే నేను దాన్ని డిగ్రీలో యాభయ్యో వంతు కూడా తిరగమనలేదు, పాపం అదేం చేస్తుంది? 36000 ఇవ్వగానే సర్రుమని పది డిగ్రీలు తిరిగింది.

ఇప్పుడు చిన్న స్క్రిప్ట్ రాసి బాణం కీలకి పాన్, టిల్ట్ (పైకీ కిందికీ వంగడం) కలిపాను. వీడియో కాల్ నడుస్తుండగానే పనిచేస్తోంది. జూమ్ విలువకి మాత్రం ఈ ఆర్క్ సెకన్ల గొడవ లేదు.